వెన్నులో స్టిమ్యులేటర్ పెట్టినా నొప్పి తగ్గకపోతే లోపం పరికరంలోనా, ప్రోగ్రామింగ్‌లోనా?

కాలుమంట: నడుం ఆపరేషన్ అయ్యాక కూడా కాలిలో మంట పోలేదు. వెన్నుపాము దగ్గర సన్నటి తీగలు పెట్టి కరెంటు పంపే స్టిమ్యులేటర్ వేయించుకోమంటున్నారు. 2022లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన నార్వే అధ్యయనం చదివాక టెన్షన్ పట్టుకుంది. నాలాంటి 50 మందికి పరికరం పెట్టి, మూడేసి నెలలు ఆన్‌లో, మూడేసి నెలలు ఆఫ్‌లో ఉంచారు. ఏది ఎప్పుడో రోగికి తెలియదు. రోజువారీ ఇబ్బందిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక ఎందుకు వేయించుకోవాలి?

సెట్టింగుల నర్సు: ఆ అధ్యయనంలో బర్స్ట్ పద్ధతి, అంటే పల్స్‌లను గుంపులు గుంపులుగా పంపడం, అదొక్కటే వాడారు. అందరికీ ఒకే రకం పల్స్‌లు. కరెంటు మాత్రం ఎవరికి ఎంత దగ్గర జివ్వుమని తెలుస్తుందో, అందులో సగం నుంచి 70 శాతం దాకా. మేం అలా చేయం. తీగ మీద ఏ కాంటాక్టు ప్లస్, ఏది మైనస్, ఎన్ని హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని పల్స్‌లు), పల్స్ ఎంతసేపు, ఎన్ని మిల్లీయాంపులు, ఇవన్నీ మనిషిని బట్టి మారుస్తాం. వెల్లకిలా పడుకుంటే వెన్నుపాము తీగలకు దగ్గరవుతుంది, కూర్చున్నప్పుడు హాయిగా ఉన్న కరెంటే అప్పుడు షాక్‌లా తగులుతుంది. పాత పద్ధతిలో 40, 50 హెర్ట్జ్‌తో జివ్వుమని తెలిసేది. 2015లో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన 10 వేల హెర్ట్జ్ పద్ధతిలో అదీ ఉండదు.

ఆధారం అడిగేవాడిని: మనిషిని బట్టి మార్చాలన్నది నిజమే. కానీ ఫలితం రానప్పుడల్లా "సెట్టింగు కుదరలేదు" అంటే ఈ వైద్యం పనిచేయదని ఎవరూ ఎప్పటికీ తేల్చలేరు. జివ్వుమని తెలిస్తే పరికరం ఆన్‌లో ఉందని రోగికి అర్థమైపోతుంది, పోలిక చెడిపోతుంది. తెలియని స్థాయిలో ఉంచబట్టే నార్వేవాళ్లు ఉత్తుత్తి వైద్యంతో నిజంగా పోల్చగలిగారు. 10 వేల హెర్ట్జ్‌ని గెలిపించిన పెద్ద అధ్యయనం దాన్ని పాత స్టిమ్యులేటర్‌తోనే పోల్చింది, ఆపేసిన పరికరంతో కాదు. పైగా చాలాచోట్ల సెట్టింగులు మార్చేది కంపెనీ ప్రతినిధే. అమ్మేవాళ్లే ఫలితం చూసి చెప్పడం నాకు అస్సలు నచ్చదు.

కాలుమంట గారూ, ముందు తాత్కాలిక తీగలతో ట్రయల్ చేయించుకోండి. 2020లో ఎఫ్‌డీఏ కూడా డాక్టర్లకు అదే చెప్పింది. నొప్పికి వేసే మార్కులు ఒక్కటే చాలవు. ఎంత దూరం నడిచారు, ఎంత నిద్రపోయారు, మాత్రలు తగ్గాయా, అన్నీ ఇంట్లోవాళ్ల చేత రాయించండి. నడకలో మార్పు లేకపోతే పర్మనెంట్‌కి ఒప్పుకోకండి.

సెట్టింగుల నర్సు: ట్రయల్ మాట ఒప్పుకుంటాను. అయితే ఒకే సెట్టింగుతో ట్రయల్ ముగించనివ్వకండి. తీగ కాస్త జరిగినా కరెంటు తగిలే చోటు మారిపోతుంది. రెండో పద్ధతి కూడా పెట్టి చూస్తారా, డాక్టర్ దగ్గరుంటారా అని ముందే అడగండి.