గండభేరుండంలో గండం ఏ గండం?

ఆదివారం బడి:
న్యూజెర్సీలో మా ఆదివారం బడి పిల్లలకి ఈమధ్య దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘భల్లూక మాంత్రికుడు’ చదివి వినిపిస్తున్నాను. చదివాక ఓ మాటల ఆట ఉంటుంది. మకరదేవత, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం... ఆయన సీరియల్ పేర్లలో రెండేసి మాటలు అతుక్కుంటే చాలు, ఓ లోకం తయారు. అందుకని బోర్డు మీద ఎడమవైపు జంతువులు రాశాను: భల్లూకం, ఉలూకం, మకరం, శరభం, గండభేరుండం. కుడివైపు లోయ, కోట, బిలం, సరోవరం. ఇటొకటి అటొకటి తీసుకుని పేరు కట్టాలి, ఆ చోటు గురించి పది వాక్యాలు రాయాలి. ఉలూకబిలం వచ్చింది, శరభకోట వచ్చింది. ఒక పిల్ల మాత్రం గండభేరుండాన్ని మధ్యకి విరిచి ‘గండలోయ’ అంది. అందులోకి దిగినవాళ్ళకల్లా ఏదో ఒక గండమే. కథ భలే ఉంది, దిద్దడానికి చెయ్యి రాలేదు. కానీ అర్థాల పట్టికలో ‘గండ’ ఎదురుగా ఏం రాయను? గండభేరుండం రెండు తలల పక్షి కదా, అలాంటి పక్షి మీద శ్లోకం ఒకటి, ‘ఏకోదరాః పృథగ్గ్రీవాః’ అని, పొద్దుట్నించీ నోట్లో నానుతోంది. చివరి పాదం అందట్లేదు. అందులో గండ ఉందా?

పాతపంచాంగం:
ఏకోదరాః పృథగ్గ్రీవా అన్యోన్యఫలభక్షిణః
అసంహతా వినశ్యంతి భారుండా ఇవ పక్షిణః.
గండ లేదు. అసలు ‘భే’ కూడా లేదు, చూశారా? భారుండ.

తుంగభద్ర:
నేను విన్నది భేరుండా ఇవ అనే.

పాతపంచాంగం:
విన్నదానికేం, చెవి అలవాటైన మాటనే వింటుంది. పంచతంత్రం అచ్చుప్రతి తీయండి, ఐదో తంత్రం.

గణవిభజన:
ఛందస్సుని మాత్రం సాక్ష్యానికి పిలవకండి. భే, భా రెండూ గురువులే. ఏది పెట్టినా శ్లోకం నడుస్తుంది.

తెల్లారిపూజ:
నిత్యక్లిన్నే, భేరుండే, వహ్నివాసినీ... రోజూ ఖడ్గమాల చదివేవాళ్ళకి ‘భే’ మీద అనుమానం రాదండీ. అందులో వచ్చే నిత్యాదేవతల్లో నాలుగో ఆవిడ.

పాతపంచాంగం:
అమ్మవారు పక్షి కాదు కదండీ! సంస్కృతంలో భేరుండ అంటే భయంకరమైన అని. ఆ పేరు ఆవిడకి తగింది. ఒక తల అమృతఫలం ఒంటరిగా తింటే, రెండో తల ఉక్రోషంతో విషం మింగిన ఆ పిచ్చిపక్షి ఏం భయంకరం? దానికి భారుండే సరి. తరవాత ఎవరో ఈ రెంటినీ కలిపేశారు.

ఆదివారం బడి:
బాగుంది, కానీ నా ప్రశ్న గండ గురించి.

పెరటిమొక్క:
దానికింత చర్చ దేనికి? గండు. గండుతుమ్మెద, గండుపిల్లి, గండుచీమ, గండుకోయిల. మగపక్షి అని రాసెయ్యండి.

తుంగభద్ర:
ఆడ గండభేరుండం ఉండదా మరి? మా బళ్ళారి వైపు గండు అంటే మగ, గండ అంటే మొగుడు, అక్కణ్ణించే శూరుడు కూడా. విజయనగర రాజుల బిరుదు మూరురాయరగండ, ముగ్గురు రాజులకి మొగుడు. తెలుగులో గండరగండడు అంటూ ఉంటాం కదా, ఆ మధ్యలో ‘ర’ కన్నడ షష్ఠీ విభక్తి. గండలకి గండడు. కాబట్టి గండభేరుండం అంటే మొనగాడు భేరుండం. నరసింహుణ్ణి శివుడి అవతారమైన శరభం లొంగదీస్తే, శరభాన్ని ఇది లొంగదీసిందని కథ కూడా ఉంది. ఆ కథ చెప్పండి, శరభకోట కట్టిన పిల్లాడు ఊరుకోడు, పోట్లాటకి వస్తాడు.

నాలుగోబెంచీ:
సంస్కృతంలో గండం అంటే చెంప. గండస్థలం లేదూ? తలలు రెండు కాబట్టి చెంపకి చెంప ఆనించిన పక్షి. ఇది నా సొంత సిద్ధాంతం.

గణవిభజన:
సొంతానికే ఉంచుకోండి.

ఉత్పలమాలిక:
గండ అంటే శూరుడనడానికి బళ్ళారి దాకా ఎందుకు, పెద్దన కాలి దగ్గరే ఉంది. గండపెండేరం. రాయలు పోయాక ఆయన చెప్పాడనే సీసం గుర్తు చేసుకోండి:
బిరుదైన కవిగండపెండేరమున కీవ
తగుదని తానె పాదమునఁ దొడిగె
చక్రవర్తి వంగి కవి కాలికి అందె తొడగడం ఒక ఎత్తు. ‘దివికేఁగ లేక బ్రతికియున్నాఁడ జీవచ్ఛవంబ నగుచు’ అన్న ఎత్తుగీతి ఒక్కటీ ఒక ఎత్తు. మనుచరిత్ర మొత్తం ఇచ్చినా ఆ పాదం వదులుకోను.

పాతపంచాంగం:
తానె కాదు, తాన.

ఉత్పలమాలిక:
తానె అనే నేర్చుకున్నాను.

పాతపంచాంగం:
‘ఈవ’ అన్నవాడు ఆ వెంటనే ‘తానె’ అంటాడా? నీవే అనడానికి ఈవ, తానే అనడానికి తాన. రెండూ ఒక అచ్చులో పోసిన మాటలు. ఒకటి పాతగా, ఒకటి కొత్తగా ఉండదు.

గణవిభజన:
మళ్ళీ అదే గొడవ. తానె, తాన రెండూ గురువు మీద లఘువే. గణాలు నోరు మెదపవు.

తుంగభద్ర:
దానికన్నా ముందు తేలాల్సింది, విరుపు ఎక్కడ? కవి + గండపెండేరమా, కవిగండ + పెండేరమా? మూరురాయరగండ లాగే కవిగండ, అంటే కవులకి మొగుడు. అతని పెండేరం అది. అప్పుడు గండభేరుండం కూడా మొనగాడు భేరుండం కాదు, భేరుండాలనే అణిచేది అవుతుంది. పైన నేను చెప్పిన అర్థం కన్నా ఇదే నాకు నచ్చుతోంది.

ఉత్పలమాలిక:
సమాసం అలా తిరగబడదండీ. భేరుండగండ అనాలి అప్పుడు.

తుంగభద్ర:
బిరుదులకి వ్యాకరణం ఎవరు చూస్తారు? 1529లో రాయల వెనక గద్దెనెక్కిన అచ్యుతరాయల నాణేలు చూడండి. ఆ పక్షి ముక్కులతో ఏనుగుల్ని పట్టుకుని ఉంటుంది. గోళ్ళలో కూడా ఏనుగులే. అది చూశాక చెంపల సిద్ధాంతం చెప్పగలరా?

నాలుగోబెంచీ:
ఏనుగు గండస్థలం పట్టుకునే పక్షి. కొత్త సిద్ధాంతం. ఇది ఇంకా బాగుంది.

గణవిభజన:
ఇది కొంచెం నయం.

ఆదివారం బడి:
రేపు పట్టిక అచ్చుకివ్వాలి. ఆపద, మగ, శూరుడు, చెంప. నాలుగూ వరసగా రాసి, ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క పక్షిని బొమ్మ గీసి కథ రాయమంటాను. చెంప పక్షికి పోటీ ఎక్కువ ఉండేట్టుంది.

తెల్లారిపూజ:
ఆపద వద్దండీ, పిల్లలకి. గండం పేరుతో బొమ్మలేమిటి?

ఉత్పలమాలిక:
పాతపంచాంగంగారూ, ‘తాన’ అని అచ్చులో ఉన్న ప్రతి మీ దగ్గరుంటే పేజీ ఫొటో పెట్టండి.

పాతపంచాంగం:
పుస్తకం ఊళ్ళో అటక మీదుంది. దసరాకి వెళ్ళినప్పుడు తీస్తాను. మీది?

ఉత్పలమాలిక:
నాది కంఠస్థం.