సీసీ రోడ్డు ఎం.బుక్ నకలు కోసం దరఖాస్తు ఎవరికి పెట్టాలి?

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేసిన సీసీ రోడ్డు ఏడాది తిరక్కముందే పెచ్చులూడి కంకర తేలుతోంది. సిమెంటు తగ్గి ఉండొచ్చు, పోసిన తర్వాత సరిగా నీళ్లు పట్టకపోయి ఉండొచ్చు. పైపైన చూస్తే తేలదు. ఎంత పొడవుకు, ఎంత మందానికి బిల్లు రాశారో మాత్రం ఎం.బుక్‌లో, అంటే పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌లో ఉంటుంది.

సమాచార హక్కు చట్టం, 2005 కింద అంచనా ప్రతి, ఎం.బుక్ పేజీలు, క్యూబ్ పరీక్ష (కాంక్రీటు దిమ్మెను నొక్కి బలం చూసే పరీక్ష) రిపోర్టు అడగాలి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని తనిఖీ చేయడం, ధ్రువీకరించిన నమూనా తీసుకోవడం కూడా హక్కే. ఇది చాలామంది వాడుకోరు. దరఖాస్తు ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. కాగితాలు వేరే ఆఫీసులో ఉంటే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో దరఖాస్తు తీసుకున్నవాళ్లే దాన్ని అక్కడికి పంపాలి. జవాబుకు గడువు 30 రోజులు.

తెలియాల్సింది ఇది: నేరుగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానికి పెట్టడం మేలా, ఎంపీడీవో ఆఫీసులోనా? రోడ్డు నుంచి కోర్ నమూనా (డ్రిల్లుతో కోసి తీసే కాంక్రీటు ముక్క) తీయించినవాళ్లు ఎవరైనా ఉంటే, దరఖాస్తులో ఆ వాక్యం ఎలా రాశారో దయచేసి చెప్పండి. తిరుపతిలో ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది? పల్లె సొమ్ము అది, వదిలేయడానికి మనసొప్పడం లేదు.