లేడీ లాయర్ల గ్రూపుల జూనియర్లను ఎట్ల కదిలించాలె?

నల్లగొండ జూనియర్: అక్కలూ, మా కోర్టుల లేడీ లాయర్లం గ్రూప్ పెట్టుకున్నం గానీ మీటింగంటే నలుగురైదుగురే వస్తున్నరు, మాట్లాడేది ఎప్పుడూ సీనియర్లే, ఏం చేద్దాం చెప్పుండ్రి.

పాలమూరు అక్క: సాయంత్రం పెడితే ఎవరొస్తరమ్మా, బస్సులు, పిల్లలు, వంట ఉంటయి. మేం లంచ్ టైంల కోర్టుల లాయర్లు కూసునే బార్ రూంలనే పెడ్తం, టిఫిన్ డబ్బాలు ముందల పెట్టుకొని కూసుంటరు. ప్రతిసారి ఒక జూనియర్ ఒక సెక్షన్ చెప్పాలె. మొన్న ఒక పిల్ల చెక్ బౌన్స్ కేసుల సెక్షన్ 138 చెప్పింది, చెక్కు వాపసొచ్చిందని బ్యాంకు మెమో వచ్చినంక 30 రోజుల్ల నోటీసు, పైసలు కట్టనీకి 15 రోజులు అని, సీనియర్లు కూడా రాసుకున్నరు. మస్తు సంబురమైంది నాకు.

మిర్యాలగూడ వకీలు: పదవులు కూడా రావాలె అక్కా. 2024ల సుప్రీంకోర్టు అక్కడి బార్ అసోసియేషన్ కమిటీల కనీసం మూడో వంతు సీట్లు ఆడోళ్లకే అన్నది గదా. మన బార్ అసోసియేషన్ల కూడా ఎలక్షన్లకు ముందే సంతకాలు పెట్టి ట్రెజరర్ పోస్టన్నా అడుగుదాం.

నల్లగొండ జూనియర్: సోమవారం లంచ్‌లనే పెడ్త అక్కా, మొదటి సెక్షన్ నేనే చెప్త.