స్టేషనరీకి 'ఎ' రాయాలా, 'ఇ' రాయాలా?

మొన్న మా మేనల్లుడు తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం పట్టుకొచ్చి "మావయ్యా, స్టేషనరీ ఆబ్జెక్ట్ అంటే పెన్నూ పెన్సిలూనా?" అని అడిగాడు. వాణ్ణి తప్పు పట్టలేం. తెలుగు లిపిలో రెండూ ఒకటే, చెవికీ దాదాపు ఒకటే, వాడికి తెలిసిన స్టేషనరీ బడి పక్కనున్న షాపు. తేడా అంతా ఇంగ్లీషు స్పెల్లింగులోనే ఉంది. చివర ఎ-ఆర్-వై వస్తే (stationary) కదలకుండా ఉన్నది అని అర్థం, ఇ-ఆర్-వై వస్తే (stationery) కాగితాలూ కలాలూ కవర్లూ.

'ఎన్వలప్' ఇ తో మొదలవుతుంది కాబట్టి కాగితాల స్టేషనరీకి ఇ అని టీచర్లు ఒక గుర్తు చెప్తారు. అది పనికొస్తుంది గానీ నాకు గుర్తు కంటే కారణమే ఎక్కువ నిలుస్తుంది. బేకర్ నుంచి బేకరీ వచ్చినట్టే స్టేషనర్ నుంచి స్టేషనరీ వచ్చింది, అంటే ఆ 'ఇ-ఆర్' ఒక మనిషిది, అమ్మేవాడిది. రెండోది టెంపరరీ, సెకండరీ లాంటి విశేషణం, అందుకే ఎ-ఆర్-వై.

మరి ఆ స్టేషనర్ ఎవరు? మధ్యయుగాల యూరప్‌లో చాలామంది వ్యాపారులు ఊరూరూ తిరిగి అమ్ముకునేవాళ్ళు. బొలోన్యా, పారిస్ లాంటి విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్ళూ, నకలు రాసుకోవడానికి అద్దెకిచ్చేవాళ్ళూ మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చున్నారు. అలా స్థిరంగా ఉన్నవాణ్ణి లాటిన్‌లో స్టేషనారియస్ అన్నారు. లండన్‌లో 1403లోనే వీళ్ళకో సంఘం ఏర్పడింది, 1557లో దానికి రాజశాసనం వచ్చాక ఇంగ్లండు అచ్చు పని మీద పెత్తనం దాదాపు వాళ్ళ చేతుల్లోకే పోయింది. అంటే పెన్నుల స్టేషనరీ కూడా పుట్టుకలో 'కదలనిది' అన్న మాటే! ఎక్కడికీ పోకుండా తిష్ఠ వేసిన వ్యాపారి దగ్గర దొరికే సరుకు కాబట్టి దానికా పేరు.

తిష్ఠ అన్న మాట ఊరికే వాడలేదు. సంస్కృతంలో 'స్థా' ధాతువుకి, ధాతువుల పాత జాబితా అయిన ధాతుపాఠం చెప్పే అర్థం 'గతినివృత్తి', అంటే కదలిక ఆగిపోవడం. తిష్ఠ, స్థానం, స్థిరం, స్థావరం అన్నీ దాని సంతానమే. లాటిన్‌లో నిలబడటాన్ని చెప్పే 'స్టారే' దీనికి దగ్గరి చుట్టం, అందులోంచే స్టేషన్, స్టేషనరీ వచ్చాయి. మనం స్థావర జంగమాలు అంటాం కదా, తిరిగి అమ్మేవాడు జంగమం, స్టేషనర్ స్థావరం అనుకుంటే ఆ ఇంగ్లీషు మాట ఇక పరాయిదిగా అనిపించదు. నేను మావాడికి ఇలాగే చెప్పాను, ఇప్పుడు జియోస్టేషనరీ ఉపగ్రహానికి ఏ అక్షరం రాయాలో వాడే చెప్తున్నాడు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, మనకి ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించేది కాబట్టి ఎ.

షాపు బోర్డుల మీద ఈ రెండూ తారుమారవడం మీరూ చూసే ఉంటారు. అక్కడ ఎవరికీ నష్టం లేదు, సరుకు ఎదురుగానే కనిపిస్తుంది. ఉద్యోగానికి పెట్టే అప్లికేషన్‌లోనూ, పరీక్ష పేపర్‌లోనూ తప్పు రాస్తేనే బాధ, ఎందుకంటే రెండూ నిజమైన మాటలే కాబట్టి కంప్యూటర్ స్పెల్‌చెక్ చాలాసార్లు పట్టుకోదు.

తెలుగులో రాసేటప్పుడు మాత్రం నా అభిప్రాయం ఇదీ. సైన్సు పాఠంలో స్టేషనరీ అని లిప్యంతరం చేయకుండా స్థిర, నిశ్చల అనే రాయాలి, స్థిర తరంగాలు, భూస్థిర కక్ష్య అని మనకి చక్కటి మాటలున్నాయి. షాపు సరుకుకి స్టేషనరీనే ఉంచేద్దాం. లేఖన సామగ్రి అని కాగితం మీద రాస్తారు గానీ కొట్టుకెళ్ళి అలా అడిగినవాళ్ళని నేను చూడలేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు పుస్తకాల కొట్టు అనేవాళ్ళు, తెల్లకాగితాలూ సిరాబుడ్డీ అన్నీ అక్కడే. మీ వైపు ఏమనేవాళ్ళో చెప్పండి.