ఒకే గిటార్ ఆంప్‌లో ఈఎల్34, 6ఎల్6 వాక్యూమ్ ట్యూబులు కలపొచ్చా? బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ట్యూబు లాగే కరెంటుని నిర్ణయించే మైనస్ వోల్టేజి) దేనికి పెట్టాలి?

గాజుబుడ్డి:
మార్షల్ సూపర్ లీడ్ తరహా 100 వాట్ల ఆంప్. నాలుగు ఈఎల్34లు, నాలుగిటికీ ఒకటే బయాస్ పాట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్), ప్లేట్ (ఆనోడ్) మీద 450 వోల్టులు. రెండు పీకేసి 6ఎల్6జీసీలు పెడితే బాస్ గట్టిగా వస్తుందంటున్నారు. ఏ సాకెట్లలో పెట్టాలి? బయాస్ దేనికి సరిచెయ్యాలి?

బయాస్ బాబాయ్:
సాకెట్ల సంగతి తేలికే. ఇది పుష్-పుల్ ఆంప్, అంటే ట్యూబులు రెండు పక్కలుగా చేరి సిగ్నల్‌ని ఎదురెదురుగా నడుపుతాయి. వరసలో మొదటి రెండూ ఒక పక్క, చివరి రెండూ రెండో పక్క పనిచేస్తాయి. ఒక రకాన్ని బయటి జతలో, రెండో రకాన్ని లోపలి జతలో పెట్టండి. ఒక పక్క రెండూ ఒకే రకం పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు సగాల్లో కరెంటు తేడా వచ్చి హమ్ మొదలవుతుంది.

చిక్కంతా బయాస్‌తోనే. ప్లేట్ తట్టుకునే వాట్ల హద్దులో 70 శాతం లెక్కన, హద్దు 25 వాట్లున్న ఈఎల్34కి 25 × 0.7 ÷ 450, అంటే 39 మిల్లీఆంప్‌లు. 6ఎల్6జీసీ హద్దు 30 వాట్లు కాబట్టి 47. దగ్గర అంకెలే కదా అని మోసపోవద్దు. ఆ కరెంటుకి ఈఎల్34కి గ్రిడ్ (ట్యూబులో కరెంటుని అదుపు చేసే భాగం) మీద సుమారు −37 వోల్టులు చాలు, 6ఎల్6కి −48 దాకా కావాలి. అందరికీ −37 ఇస్తే 6ఎల్6 ప్లేట్లు ఎర్రబడతాయి. −48 ఇస్తే ఈఎల్34లు దాదాపు మూసుకుపోయి, నోట్ సన్నబడే చోట గరగర వినిపిస్తుంది. మధ్యలో −42 అంటే రెండిటికీ అన్యాయమే. నన్నడిగితే వద్దు.

సోల్డర్ పొగ:
ఒకే పాట్‌తో వద్దనండి, ఒప్పుకుంటా. అసలే వద్దనకండి. మీసా బూగీ మార్క్ 3, మార్క్ 4 ఆంప్‌ల సైమల్-క్లాస్ (రెండు జతలూ వేర్వేరుగా నడిచే) రకంలో బయటి సాకెట్లలో ఈఎల్34, లోపల 6ఎల్6 పెట్టుకోవచ్చని తయారీదారే చెప్పాడు.

ఇక్కడ చెయ్యాల్సింది ఇది. ఇప్పుడు పక్కకి సిగ్నల్ అందించే 0.022 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ ఒకటి, బయాస్ అందించే 220 కే (కిలో-ఓమ్) గ్రిడ్ లీక్ రెసిస్టర్ ఒకటి ఉన్నాయి, రెండు ట్యూబులూ వాటినే పంచుకుంటున్నాయి. వాటిని విడదీసి ట్యూబుకొక కెపాసిటర్ (630 వోల్టులది), ట్యూబుకొక 220 కే పెట్టాలి. ఇది మరిచిపోయి రెండో పాట్ ఒక్కటే తగిలిస్తే ఏమీ మారదు, గ్రిడ్లు రెండూ ఒకే తీగ మీద ఉంటాయి కదా.

బయాస్ సప్లై −55 ఉందనుకుందాం. రెండు 25 కే పాట్లు, పై కాళ్లు సప్లైకి. ఈఎల్34 పాట్ కింది కాలు 47 కే మీదుగా గ్రౌండుకి, అప్పుడు −36 నుంచి −55 దాకా తిరుగుతుంది. 6ఎల్6 పాట్‌కి 100 కే, అది −44 నుంచి −55. రెండో పాట్ తగిలాక సప్లై కాస్త కుంగుతుంది, −55 ఉందో లేదో అప్పుడు చూడండి. మధ్య కాలికీ పై కాలికీ నడుమ 220 కే ఒకటి వెయ్యండి. పాట్ లోపల కాంటాక్ట్ ఎగిరిపోయినా బయాస్ మైనస్ వైపే పోతుంది, ట్యూబు బతుకుతుంది.

ప్రతి ట్యూబుకీ 8వ పిన్ (కాథోడ్) నుంచి గ్రౌండుకి 1 ఓమ్, 1 శాతం రెసిస్టర్. ఒక మిల్లీవోల్టు అంటే ఒక మిల్లీఆంప్. అందులో స్క్రీన్ (ట్యూబులో రెండో గ్రిడ్) కరెంటు కూడా కలిసి ఉంటుంది, నాలుగైదు మిల్లీఆంప్‌లు తీసేసి లెక్కెయ్యండి. ఫిల్టర్ కెపాసిటర్లు 10 వోల్టుల కిందికి దిగాయని మీటర్లో చూశాకే లోపల చెయ్యి పెట్టండి.

గ్రిడ్ కరెంట్:
ఇదంతా చేశాక కూడా 6ఎల్6లు పూర్తిగా పనిచెయ్యవు. రెండు జతలకీ సిగ్నల్ ఇచ్చేది ఒకే ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ని రెండు పక్కలకీ ఎదురెదురుగా పంచే దశ). సిగ్నల్ శిఖరం 37 వోల్టులు దాటగానే ఈఎల్34 గ్రిడ్ కరెంటు లాగడం మొదలెడుతుంది. ఫేజ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 35 కే చిల్లర, ఈఎల్34 గ్రిడ్ స్టాపర్ (గ్రిడ్ ముందుండే రెసిస్టర్) 5.6 కే. ఇక సిగ్నల్ అక్కడే నొక్కుకుపోతుంది. 48 దాకా వెళ్తే తప్ప నిండని 6ఎల్6కి ఆ మిగతా పది వోల్టులూ అందవు. రెండు రకాల ట్యూబుల క్లిప్పింగులూ (సిగ్నల్ శిఖరాలు కోసుకుపోవడం) కలిసి వస్తాయని చెప్పేవాళ్లు ఆసిలోస్కోప్ పెట్టి చూడాలి.

సోల్డర్ పొగ:
నిజమే. ఈఎల్34 స్టాపర్లని 33 కే చేస్తే ఆ నొక్కుడు మెత్తబడుతుంది, పూర్తిగా పోదు. ట్రెబుల్‌కి నష్టం లేదు. పైగా ఈఎల్34 ముందు విరిగి, కింద 6ఎల్6 శుభ్రంగా నిలబడటమే కదా కావాల్సింది?

గ్రిడ్ కరెంట్:
మీకు కావాల్సింది అదైతే సరే. టీహెచ్‌డీ కంపెనీ బైవాల్వ్ ఆంప్‌లో వేర్వేరు ట్యూబులు కలపగలగడానికి కారణం అది సింగిల్-ఎండెడ్ (రెండు పక్కలు లేనిది), కాథోడ్ బయాస్ (ట్యూబు తన బయాస్ తానే సర్దుకునేది) కావడం. పుష్-పుల్‌కి ఆ వెసులుబాటు లేదు.

బయాస్ బాబాయ్:
ఇది చదివి, నాలుగు 6ఎల్6లుండే ఫెండర్ ట్విన్ ఆంప్‌లో రెండు ఈఎల్34లు గుచ్చేవాళ్లకి ఒక్క మాట. గాజుబుడ్డి గారి సూపర్ లీడ్‌లో రెండు ట్యూబులు మారిస్తే హీటర్ లోడ్ 6 ఆంప్‌ల నుంచి 4.8కి దిగుతుంది, హాయి. ట్విన్‌లో 3.6 నుంచి 4.8కి ఎక్కుతుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాగుతుంది. చాలా ఫెండర్లలో 1వ పిన్‌ని గ్రిడ్ రెసిస్టర్‌కి ఆధారంగా వాడేశారు. 6ఎల్6కి అది ఖాళీ పిన్. ఈఎల్34కి సప్రెసర్ గ్రిడ్, 8వ పిన్‌కి కలిపి తీరాలి. ముందు ఆ రెసిస్టర్‌ని అక్కణ్ణుంచి కదపండి.

గాజుబుడ్డి గారూ, టంకం వేడెక్కించే ముందు నాలుగూ 6ఎల్6జీసీలు పెట్టి, బయాస్ −48కి దించి ఓ వారం వినండి. మీ సాకెట్లలో 1, 8 కలిపే ఉంటాయి, ఇబ్బంది లేదు. పాట్ అంత దూరం వెళ్లకపోతే దాని కింద ఉన్న రెసిస్టర్ ఒక్కటి పెంచితే చాలు.