పేరెంట్స్‌కి బేస్‌బాల్ చూపించాలంటే రిగ్లీ ఫీల్డేనా, సాక్స్ మ్యాచ్ సరిపోదా?

అరోరా_ఆవకాయ:
అందరికీ నమస్తే. అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చారు, అక్టోబర్ దాకా ఉంటారు. బాలాజీ గుడి అయింది, చికాగో డౌన్‌టౌన్ అయింది, నయాగరా కూడా అయిపోయింది. నాన్న రేడియో కామెంటరీ తరం, టీవీలో ఏ ఆట వచ్చినా కదలరు, "ఇక్కడోళ్ళ ఆట ఒకటి గ్రౌండ్‌లో చూపించరా" అని రోజూ అంటున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎండ పడదు, ఆట మీద ఆసక్తి సున్నా, కానీ ఇంట్లో ఒక్కతే ఉండమంటే ఉండదు. నేను ఆగస్ట్‌లో ఒక శనివారం రిగ్లీలో, అంటే చికాగో కబ్స్ టీమ్ సొంత గ్రౌండ్‌లో, మ్యాచ్ అనుకున్నా. ఆఫీసులో మన బ్యాచ్ అంతా నా మీద పడ్డారు, అంత డబ్బు ఎందుకు తగలేస్తావ్, చికాగోలోనే ఉన్న రెండో టీమ్ వైట్ సాక్స్ మ్యాచ్‌కి పో, అదే బ్యాట్ అదే బాల్ అని. మా ఆవిడేమో జెనీవాలో చిన్న టీమ్ కౌగర్స్ మ్యాచ్ చాలంటోంది. మీరేమంటారు? సీట్లు, ట్రైన్, తిండి సంగతి తెలిసినవాళ్ళు కూడా చెప్పండి.

ఐవీ_గోడ:
రిగ్లీనే, ఇందులో ఆలోచించేది ఏముంది బ్రో. 1914లో కట్టిన గ్రౌండ్, మేజర్ లీగ్‌లో, అంటే ఇక్కడి టాప్ లీగ్‌లో, దీనికంటే పాతది బోస్టన్‌లో ఫెన్‌వే ఒక్కటే. అవుట్‌ఫీల్డ్ గోడ నిండా 1937లో నాటిన ఐవీ తీగ, బాల్ అందులో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు, అంపైర్ రెండు బేస్‌లు ఇచ్చేస్తాడు. సెంటర్ ఫీల్డ్ మీద స్కోర్‌బోర్డ్ కూడా అదే ఏడాదిది, ఇప్పటికీ లోపల మనుషులు కూర్చుని చేత్తో నంబర్ పలకలు మారుస్తారు, ఒక చదరం ఖాళీ అయి అందులోంచి తల కనపడి మళ్ళీ నంబర్ పడుతుంది. రేడియో తరం ఆయనకి అది నచ్చకపోతే నన్నడుగు. కబ్స్ గెలిస్తే దాని మీద తెల్ల జెండా, నీలం డబ్ల్యూ అక్షరం, పక్కన పోయే ట్రైన్‌లో వాళ్ళకి కూడా రిజల్ట్ తెలిసిపోద్ది. సాక్స్ గ్రౌండ్ 1991ది, మంచిదే, కానీ ఊరి నుంచి అంత దూరం వచ్చినాయనకి చూపించేది అదా?

సాక్స్_సుబ్బడు:
వచ్చేశారండీ కబ్స్ భక్తులు. ఐవీ తీగ చూడ్డానికైతే బొటానికల్ గార్డెన్ ఉందిగా బాబూ. అన్నా నువ్వు రాసింది నువ్వే మళ్ళీ చదువు, అమ్మకి మోకాళ్ళు, ఎండ పడదు. రిగ్లీ చుట్టూ ఇళ్ళూ బార్లూ, కారు పెట్టడానికి చోటుండదు, రాత్రి మ్యాచ్‌లున్న రోజు చుట్టుపక్కల వీధులు పర్మిట్ ఉన్నవాళ్ళకే. మా ఫ్రెండ్ ఒకడు అక్కడ ఎవరిదో ప్రైవేట్ లాట్‌లో పెడితే వెనక నాలుగు కార్లు అడ్డం పెట్టేశారు, మ్యాచ్ అయ్యాక గంట సేపు అందులోనే. మా సాక్స్ గ్రౌండ్ రేట్ ఫీల్డ్‌కి సొంత పార్కింగ్ లాట్లు, కాంకోర్స్ వెడల్పు, హైవే దిగితే గ్రౌండే. ఇంకోటి, 2024లో సాక్స్ 121 మ్యాచ్‌లు ఓడిపోయారు, మోడర్న్ బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో అన్ని ఓటములు ఇంకే టీమ్‌కీ లేవు, కాబట్టి నలుగురికీ పక్కపక్కన సీట్లు దొరకడానికి పెద్దగా తిప్పలు ఉండవు. మా టీమ్ ఓడిపోవడం వల్ల పబ్లిక్‌కి లాభం అదొక్కటే అనుకో. పైగా ఫౌల్ పోల్ (గ్రౌండ్ హద్దు చివర ఉండే స్తంభం) నుంచి అవతలి ఫౌల్ పోల్ దాకా జనం ముందు నెట్ కట్టిన మొదటి మేజర్ లీగ్ టీమ్ మాదే, 2019లో. ఫోన్‌లో మునిగిన అమ్మ మీదకి బాల్ వచ్చి పడుతుందేమో అనే బెంగ అక్కర్లేదు.

కరీంనగర్_టు_చికాగో:
మీ ఇద్దరి లొల్లి ఎప్పుడూ ఉండేదే గని వదినమ్మ చెప్పిందే కరెక్ట్. అరోరా నుంచి జెనీవా ఎంత దూరం, పక్కనే. కౌగర్స్ మ్యాచ్ అంటే పార్కింగ్ పంచాయితీ లేదు, టికెట్ అగ్గువ, ఏ సీట్ల కూసున్నా ఆట దగ్గర కనవడ్తది. పిల్లలు గడ్డి మీద ఉరుకుతుంటరు, అమ్మకు బోర్ కొడితే లేచి తిరిగి రావొచ్చు. ఒకప్పుడు మేజర్ లీగ్ టీమ్‌లకి అనుబంధంగ ఉండేది, 2021 సంది ఇండిపెండెంట్ లీగ్‌ల ఆడుతున్నరు. సామాన్లు సర్దుకున్నట్టు ప్లాన్ చేసి శనివారం పొద్దుగాలనే లేచి సిటీకి పోవుడేంది.

ఐవీ_గోడ:
ఇండియా వచ్చిన అమెరికన్ ఫ్రెండ్ క్రికెట్ చూస్తానంటే ఉప్పల్ వదిలేసి కాలనీ టోర్నమెంట్‌కి తీసుకెళ్తావా అన్నా?

కరీంనగర్_టు_చికాగో:
ఆనికి మోకాళ్ళ నొప్పులుంటే తీస్కపోతా. కాలనీ టోర్నమెంట్‌ను తక్కువ జేసి మాట్లాడకు.

ఇల్లినాయిస్_ఇల్లాలు:
మా అత్తయ్యగారినీ మామయ్యగారినీ రెండు గ్రౌండ్లకీ తీసుకెళ్ళాం కాబట్టి చెప్తున్నా, మీరంతా గ్రౌండ్ గురించి కొట్టుకుంటున్నారు గానీ అసలు సమస్య గ్రౌండ్ కాదండీ. ఆట తెలియకపోతే ఎక్కడ కూర్చోబెట్టినా రెండో ఇన్నింగ్స్‌కి వాచీ చూస్తారు. క్రికెట్ తెలిసిన పెద్దాయనకి ఇంకా కష్టం, బాల్ బ్యాట్‌కి తగిలి హద్దు బయట పక్క స్టాండ్స్‌లో పడితే సిక్స్ అని చప్పట్లు కొట్టేస్తారు, అదేమో ఫౌల్. ఇంట్లో ముందుగా రెండు మూడు మ్యాచ్‌లు టీవీలో పెట్టి పక్కన కూర్చుని చెప్పండి, మూడు స్ట్రైక్‌లు, నాలుగు బాల్స్, మూడు అవుట్లు, అంతే. మామయ్యగారు నన్నడిగిన మొదటి ప్రశ్న "డ్రా అవుతుందా అమ్మా" అని. అవదు, తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సమానమైతే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్, అందులో రెండో బేస్ మీద ఒక రన్నర్‌ని ముందే నిలబెట్టి మొదలుపెడతారు, అది చెప్తే ఆయన "ఇదేం న్యాయం" అని వారం రోజులు వాదించారు. రిగ్లీలో ఆయనకి బాగా నచ్చింది ఇంకొకటి, బ్లీచర్స్‌లో, అంటే అవుట్‌ఫీల్డ్ గోడ వెనక బెంచీల్లో, కూర్చున్నవాళ్ళు అవతలి టీమ్ కొట్టిన హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) బాల్‌ని మాకొద్దు పో అని తిరిగి గ్రౌండ్‌లోకి విసిరేస్తారు. మామూలుగా స్టాండ్స్‌లో పడిన బాల్ పట్టుకున్నవాళ్ళదే, మనలాగా తిరిగివ్వక్కర్లేదు.

అత్తయ్యగారు మాత్రం ఆట చూడలేదు, మనుషుల్ని చూశారు, ఆవిడకీ బాగానే గడిచింది. వెజిటేరియన్ అయితే నాచోస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్, వేరుశెనక్కాయలు, అంతకన్నా ఆశ పెట్టుకోకండి, ఇంట్లో పులిహోర తినిపించి బయల్దేరండి. బ్యాగ్ సైజు, బయటి తిండి రూల్స్ వెళ్ళే ముందు టీమ్ సైట్‌లో చూసుకోండి, మారుతుంటాయి.

ప్యూర్_క్రికెట్:
నాలుగు గంటలు ఎండలో కూర్చుని ఏమీ జరగని ఆట చూడ్డం కన్నా డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రైరీలో మేజర్ లీగ్ క్రికెట్‌కి తీసుకెళ్ళు అన్నా. నాన్నకి అర్థమయ్యే ఆట.

ఇల్లినాయిస్_ఇల్లాలు:
తమ్ముడూ ఆ క్రికెట్ గ్రౌండ్ కూడా ఒకప్పటి బేస్‌బాల్ గ్రౌండేనయ్యా. ఆయన అడిగింది ఇక్కడోళ్ళ ఆట, విమానం ఎక్కి పోయి మన ఆట చూసి రావడం ఏంటి? నాలుగు గంటలు అనేది కూడా పాత లెక్క. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు, బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్, అంటే బాల్ వేసేవాడు, 15 సెకన్లలో వేసేయాలి. 2022లో సగటున మ్యాచ్ 3 గంటల 4 నిమిషాలు పట్టేది, 2023లో 2 గంటల 40 నిమిషాలకి దిగింది. మన సినిమా కన్నా తక్కువే.

అరోరా_ఆవకాయ:
అక్కా థాంక్స్, టీవీ ఐడియా బాగుంది, ఇవాళే మొదలుపెడతా. ఐవీ బ్రో, ఒకవేళ రిగ్లీ అయితే ఎండ సంగతేంటి, ఎలా వెళ్ళాలి?

ఐవీ_గోడ:
సీట్ల విషయంలోనే అందరూ దెబ్బతింటారు బ్రో, జాగ్రత్తగా చూడు. బ్లీచర్స్ వైపు వెళ్ళనే వద్దు, సీట్ నంబర్ ఉండదు, వీపు ఆనడానికి ఏమీ ఉండదు, నెత్తి మీద ఎండ. థర్డ్ బేస్ వైపు కింది డెక్‌లో 200 నంబర్ సెక్షన్లు చూడు, పైన ఇంకో డెక్ కప్పులా ఉంటుంది కాబట్టి నీడ, మధ్యాహ్నం ఎండ కూడా వెనకవైపు నుంచే వస్తుంది. కానీ పాత కట్టడం కదా, ఆ డెక్‌ని మోసే ఇనప స్తంభాలు అక్కడే ఉంటాయి, చవగ్గా కనపడింది కదా అని కొంటే మూడు గంటలు స్తంభం పక్కనుంచి మెడ చాపి పిచర్‌ని చూస్తావ్. ఆ సెక్షన్, ఆ వరస నుంచి ఎలా కనపడుతుందో జనం పెట్టిన ఫోటోలు చూశాకే డబ్బు కట్టు. మరీ వెనక వరసలైతే పైకి లేచిన బాల్ కనపడదు, కప్పు అడ్డం.

శనివారం బదులు మామూలు రోజు మధ్యాహ్నం మ్యాచ్ చూడు. రిగ్లీకి లైట్లు వచ్చిందే 1988లో, ఇప్పటికీ నగరం రూల్ వల్ల రాత్రి మ్యాచ్‌లకి లిమిట్ ఉంది, అందుకే 1:20 మ్యాచ్‌లు బోలెడు, శుక్రవారాలు ముఖ్యంగా. కబ్స్‌కి పాత ప్రత్యర్థులైన కార్డినల్స్ వచ్చే సిరీస్ జోలికి పోకు, రేట్లు మండిపోతాయ్. అరోరా నుంచి బీఎన్ఎస్ఎఫ్ లైన్ మెట్రా లోకల్ ట్రైన్ ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగు, అక్కడినుంచి రిగ్లీ వైపు పోయే సిటీ ట్రైన్ రెడ్ లైన్ జాక్సన్ స్టేషన్‌కి కాస్త నడక ఉంది, అమ్మ ఉంది కాబట్టి క్యాబ్ మాట్లాడుకో. తిరుగు ప్రయాణం మాత్రం రిగ్లీ పక్కనున్న ఆడిసన్ స్టేషన్‌లో ఆ జనంలోకి వెంటనే దూరకు, అరగంట ఆగు.

సాక్స్_సుబ్బడు:
చూశారా, మెట్రా, క్యాబ్, స్తంభం, మెడ చాపడం, అరగంట ఆగడం. ఇది మ్యాచా, తీర్థయాత్రా? మా గ్రౌండ్‌కి ప్లాన్ ఒక్క లైన్: కారెక్కు, దిగు, కూర్చో.

ఇల్లినాయిస్_ఇల్లాలు:
సుబ్బడు గారు కారు గురించి చెప్పింది నిజమే, అమ్మగారి మోకాళ్ళ దృష్ట్యా నేనూ ఆయనకే ఓటు వేసేదాన్ని. కానీ అడిగింది నాన్నగారు కదా, మళ్ళీ ఎప్పుడొస్తారో, ఊళ్ళో దిగాక నలుగురికీ చెప్పుకునేది స్కోర్‌బోర్డ్ గురించే గానీ పార్కింగ్ గురించి కాదు. రిగ్లీలో లిఫ్టులు ఉన్నాయి, మెట్లు తక్కువ పడే వరస తీసుకోండి, ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాట పాడేదాకా ఉండి, అది అవగానే బయటపడండి. ట్రైన్‌లో జనం తగ్గుతారు, అమ్మగారికీ హాయి. చివరిదాకా ఉండాలని రూలేం లేదు.

ఐవీ_గోడ:
ఏడో ఇన్నింగ్స్‌కే లేచిపోవడమా అక్కా! జెండా ఎగరేసేది మ్యాచ్ అయ్యాకే.

అరోరా_ఆవకాయ:
ఫైనల్‌గా నాన్ననే అడిగా. చేత్తో నంబర్లు మార్చే బోర్డ్ ఫోటో చూపించగానే వేరే మాట లేదు, రిగ్లీ. ఆగస్ట్‌లో ఒక శుక్రవారం 1:20 మ్యాచ్, థర్డ్ బేస్ వైపు, స్తంభం లేని వరస వెతుకుతున్నా. ఇప్పుడు సైట్లు ఫీజులతో కలిపిన రేటే ముందు చూపిస్తున్నాయి కాబట్టి పోల్చుకోవడం సులువుగానే ఉంది. అమ్మ మాత్రం కౌగర్స్‌కి కూడా వెళ్దాం, అక్కడైతే పక్కింటి వాళ్ళని కూడా పిలవొచ్చు అంటోంది.

కరీంనగర్_టు_చికాగో:
అమ్మకు తెలుసు.

సాక్స్_సుబ్బడు:
కబ్స్ టికెట్లు కొనేముందు ఒక మాట అన్నా, కాగితం టికెట్ ఉండదు, బాల్‌పార్క్ యాప్‌లోనే స్కాన్ చేస్తారు. నలుగురివీ నీ ఒక్క ఫోన్‌లో పెట్టుకుని గేట్ దగ్గర చార్జ్ అయిపోతే నాన్న బయట నిలబడి గోడ చూడాలి. రెండు టికెట్లు మీ ఆవిడ ఫోన్‌కి పంపేయ్. వర్షం పడి మ్యాచ్ వాయిదా పడితే అదే టికెట్ మళ్ళీ ఆడే రోజుకి పనికొస్తుంది, ఆ రోజు మీకు కుదరకపోతే చెప్పు, సాక్స్ మ్యాచ్‌కి నా కార్లో తీసుకెళ్తా.