ముత్తాత నిజాం ఫౌజులో ఉండేవాడట, వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ధర్మాబాద్ పోరడు
మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఉర్దూ మాత్రం ఒక్క అక్షరం రాదు. మా ముత్తాత నిజాం ఫౌజులో సిపాయి అని చిన్నప్పటి నుంచి వింటున్నా, అంతకు మించి అడిగితే మా పెద్దనాయన మాట దాటేస్తాడు. ఏటా సెప్టెంబరు 17న జెండా ఎగరేసే రోజు మా మేనమామలు మాత్రం "మీవాళ్లు అటు పక్క కదరా" అని ఎకసెక్కాలాడతారు. మొన్న సందూకు సర్దుతుంటే ఒక కాగితం దొరికింది. నాలుగు మడతలు, మడతల మీద చిరిగింది, కింద గుండ్రటి ముద్ర, అంతా ఉర్దూ. కిరాణా కొట్టు చాచా 1352 అనే అంకె ఒక్కటే చదివి, మిగతాది గొలుసుకట్టు రాత, నా వల్ల కాదన్నాడు. 1352 హిజ్రీ అంటే 1933 అని ఫోన్‌లో చూశా. ఆయన 1948లో కూడా నౌకరీలో ఉన్నాడా? అసలు ఫౌజేనా, రజాకారా? నాందేడ్‌లో అడగాలా, హైదరాబాద్ పోవాలా?

పాత కాగితాల పిచ్చోడు
తమ్ముడూ, అది హిజ్రీ అని ఎవరు చెప్పారు? నిజాం దఫ్తర్లలో ఫస్లీ లెక్క నడిచేది, అంటే సర్కారు పనులకు వాడే వేరే సంవత్సరాల లెక్క. ఫస్లీకి 590 కలుపు, ఏడాది అక్టోబరులో మొదలవుతుంది, కాబట్టి 1352 ఫస్లీ అంటే 1942 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. రెంటికీ తొమ్మిదేళ్ల తేడా, ఆ తొమ్మిదేళ్లలో ఒక మనిషి నౌకరీ మొత్తం మారిపోతుంది. నెల పేరు చదివించు. ముహర్రం, సఫర్, రజబ్ లాంటిది ఉంటే హిజ్రీ. ఆజర్, దై, బహ్మన్, ఖుర్దాద్ లాంటిది ఉంటే ఫస్లీ.

ఇంకోటి, హైదరాబాద్ పేరుతో ఉన్న ఫౌజు ఒక్కటి కాదు. హైదరాబాద్ కంటింజెంట్ అని ఒకటుండేది, ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషోళ్లది. మీ పక్కనే హింగోలిలో దాని ఛావనీ (కంటోన్మెంట్) ఉండేది. 1903లో దాన్ని ఇండియన్ ఆర్మీలో కలిపేశారు, 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది, 1945లో కుమావ్ రెజిమెంట్ అని పేరు మారింది. అంటే ఆ దారిలో వెళ్లినవాడైతే నువ్వు ఉత్తరం రాయాల్సింది హైదరాబాద్‌కు కాదు, రాణీఖేత్‌లోని కుమావ్ సెంటర్‌కు! నిజాం సొంత ఫౌజు వేరే. కాగితంలో రూపాయల సంగతి ఉంటే హాలీనా కల్దారా చూడు, హాలీ నిజాం నాణెం, కల్దార్ అయితే ఇంగ్లీషు ఖజానా అని అనుమానించాలి.

రజాకార్లు ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీ దళం, సర్కారు పల్టన్ కాదు. ముద్ర వేసిన సర్కారు కాగితం ఉన్నదంటే నేనైతే ఫౌజనే అనుకుంటా.

నాందేడ్ మాస్టర్
కలెక్టరేట్‌లో టైం వేస్ట్. 1956 దాకా మనం హైదరాబాద్ స్టేట్‌లోనే కదా, ఫౌజు వ్యవహారమంతా రాజధానిలోనే నడిచింది. తార్నాకలో తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలపు ఉర్దూ, పారసీ దస్త్రాలు అక్కడున్నాయి. ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లు, లేకపోతే కట్ట ముందు పెట్టుకుని బిక్కమొహం వేయాల్సిందే. పేరు ఒక్కటీ చాలదు, తండ్రి పేరు, ఊరు, పల్టన్ పేరు ఉండాలి.

దెగ్లూర్ అక్క
మీ పెద్దనాయన ఊరికే మాట దాటేయడు బాబూ. 1948 జనవరిలో నిజాం మీద కొట్లాడుతున్న స్టేట్ కాంగ్రెస్ దళం మన పక్కనే ఉమ్రీ బ్యాంకు మీద పడింది, ఇటు రజాకార్ల జులుం, సెప్టెంబరులో మిలిటరీ దిగాక ముస్లింల మీద జరిగిన ఘోరం ఇంకోటి. ఆ ఘోరం సంగతి చూడమని ఢిల్లీ సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ బాగా దెబ్బతిన్నాయని రాసిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. అట్లాంటి రోజుల్లో నిజాం ఉప్పు తిన్న ఇల్లు నోరు మూసుకోక ఏం చేస్తుంది? మగవాళ్లను వదిలెయ్, ఇంట్లో ముసలమ్మలను అడుగు. "ఏ పల్టన్" అని కాదు, జీతం ఎట్లా వచ్చేది, సెలవుకు ఎప్పుడొచ్చేవాడు, గుర్రం ఉండేదా అని అడుగు. మేనమామలకు జవాబు తర్వాత చెప్పొచ్చు.

ధర్మాబాద్ పోరడు
బోధన్‌లో ఒక రిటైర్డ్ సార్ చదివి పెట్టాడు. బహ్మన్ 1352 అట, అంటే ఫస్లీనే. ఇంకా "వజీఫా" అని రెండు చోట్ల ఉంది.

పాత కాగితాల పిచ్చోడు
ఇంకేం, వజీఫా అంటే పింఛనే కదా! బహ్మన్ మూడో నెల, 1942 డిసెంబరు ప్రాంతం. వజీఫా ఆయన పేరు మీదే ఉంటే, అప్పటికే నౌకరీ దిగిపోయిన మనిషి, ఆరేళ్ల తర్వాత, 1948 సెప్టెంబరులో మిలిటరీ దిగిన ఆ పోలీస్ యాక్షన్‌లో తుపాకీ పట్టి ఉంటాడని అనుకోను. భార్య పేరు మీద ఉంటే కథ వేరు, అది చూడు. పింఛను 1942లో అంటే భర్తీ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనే అయి ఉండొచ్చు. "రిసాలా" అనే మాట ఉందేమో వెతికించు, గుర్రపు దళం అన్నట్టు. నిజాం గుర్రపు దళం హైదరాబాద్ లాన్సర్లు ఆ యుద్ధంలో సూయజ్, పాలస్తీనా దాకా పోయారు, ఢిల్లీ తీన్ మూర్తి స్మారకంలో నిలబడ్డ మూడు సిపాయి విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్‌వాడిదే. ఆశ పెట్టడం లేదు, చూడమంటున్నా.

కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించకు. మడతలు మెల్లగా విప్పి పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, ముద్ర దగ్గర్నుంచి ఇంకోటి తీసి ఇక్కడ పెట్టు.